చెరపలేని ప్రోగ్రాం

రాత్రి పదకొండు దాటాక కరెంటొచ్చింది. 2002 జనవరి. జనగామ వైపు ఒక ఊళ్లో, యాసంగి నాట్ల మధ్య, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గట్టు మీద టార్చిలైటు వెలుగులో గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. చుట్టూ ఉన్న బోర్ల దగ్గర పదకొండు స్టార్టర్ డబ్బాలు ఒకే క్షణాన టక్కుమన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. దూరంగా కొట్టంలో వెలుగుతున్న బల్బు ఎర్రబడింది. రెండు సెకన్లు గడవకుండానే పదకొండూ పడిపోయాయి. బల్బు మళ్లీ తెల్లబడింది. మళ్లీ ముప్పై లెక్కపెట్టాను. మళ్లీ అదే.

పక్కన నిలబడ్డ పెద్దాయన దుప్పటి భుజం మీదికి లాక్కుని నెమ్మదిగా అన్నాడు: "సారూ, మీ డబ్బా మంచిగనే ఉంది. ఒక్కటుంటే మంచిగనే నడుస్తది. పది గూడితెనే కొట్లాడుకుంటున్నయి."

నెల రోజులుగా డీలరు ఫోన్లో చెబుతున్నా నాకు అర్థం కానిది ఆయన ఒక్క మాటలో చెప్పాడు. ఆ డబ్బాల్లోని బోర్డు నాది. బోర్డు మీద చిప్‌లో ఉన్న ప్రోగ్రాం నేను రాసింది. మూడో విడత పడిపోయేసరికి తప్పు ఏ లైన్లో ఉందో కూడా తెలిసిపోయింది. దిద్దాలంటే పది నిమిషాల పని. కానీ ఆ లైనును ఇక ఎవరూ ఎప్పటికీ దిద్దలేరు. అలా ఉండే చిప్‌ను ఎంచుకున్నదీ నేనే.

అంతకు ఏడేళ్ల ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పని నేర్చుకున్నది కిటికీ ఉన్న చిప్‌ల మీద. 8751 అనే కంట్రోలర్ సిరామిక్ ఒంటితో, నెత్తిన గుండ్రటి క్వార్ట్జ్ అద్దంతో ఉండేది. లోపలి ప్రోగ్రాం ఈప్రామ్‌లో ఉంటుంది. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన పద్ధతి అది: చుట్టూ ఆక్సైడ్ గోడ కట్టిన చిన్న గేటులోకి ఎక్కువ వోల్టేజీతో ఎలక్ట్రాన్లను తోస్తారు, అవి అక్కడే చిక్కుకుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటిని బయటికి పంపాలంటే అతినీలలోహిత కాంతి పడాలి. మా ల్యాబ్‌లో చెప్పుల పెట్టెంత ఎరేజర్ ఒకటి ఉండేది. సొరుగులో చిప్‌లు పెట్టి మూసి ఇరవై నిమిషాలు ఆగాలి. ప్రోగ్రాం ఎక్కించాక అద్దం మీద స్టిక్కర్ అంటించాలి. అంటించకుండా ఎండలో వదిలేస్తే వారం రోజుల్లో చెరిగిపోవచ్చనీ, ట్యూబ్‌లైటు వెలుగులోనైతే సుమారు మూడేళ్లు పడుతుందనీ డేటాషీట్లోనే రాసి ఉండేది.

ఆ ఇరవై నిమిషాల విలువ అప్పుడు నాకు తెలియలేదు. చిన్న తప్పుకు కూడా ఇరవై నిమిషాలు కూర్చోవాల్సి వచ్చేది కాబట్టి చెరిపేముందు ప్రింటవుట్ తీసి వేలు పెట్టి లైను లైనూ చదివేవాళ్లం. ఒక తప్పు దిద్దబోయి ఇంకో మూడు పట్టుకున్న రోజులున్నాయి.

2001లో సొంతంగా చిన్న యూనిట్ పెట్టాను. వరసకు బావ అయ్యే ఆయన లెక్కలు చూసేవాడు, డిజైన్ నాది. వ్యవసాయ మోటార్లకు ఆటో స్టార్టర్ బోర్డు చేయాలనుకున్నాం. అప్పుడు పొలాలకు త్రీఫేజ్ కరెంటు పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు వంతులవారీగా వచ్చేది. ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎన్నిసార్లు పోతుందో రైతుకు తెలియదు. రాత్రిపూట చీకట్లో బోరు దగ్గరికి పోయి పాము కరిచినవాళ్లు, షాక్ కొట్టినవాళ్లు ఊరికొకరు ఉండేవాళ్లు. కరెంటు రాగానే తానే మోటారు వేసి, ఒక ఫేజు పోయినా వోల్టేజీ పడిపోయినా తానే ఆపేసే డబ్బా ఉంటే ఆ మనిషి ఇంట్లో పడుకోవచ్చు. ఆ పని మీద నాకు నిజమైన ప్రేమ ఉండేది. తప్పు చేసింది పనిమీద ప్రేమ లేక కాదు.

మూడు ఫేజుల వోల్టేజీ చదవాలి కాబట్టి, వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీ లోపలే ఉన్న చిప్ కావాలి. పిక్ 16సి711 సరిగ్గా సరిపోయింది. పద్దెనిమిది కాళ్లు, 1,024 వర్డ్‌ల ప్రోగ్రాం మెమరీ, నాలుగు ఛానెళ్ల ఏడీసీ. డిజైన్ చేసేటప్పుడు వాడుకోవడానికి దీంట్లోనే కిటికీ ఉన్న రకం దొరుకుతుంది. అమ్మకానికి మాత్రం అదే సిలికాన్‌ను నల్లటి ప్లాస్టిక్‌లో మూసేసిన రకం వాడతారు. లోపల ఈప్రామే, కాంతి పోయే దారి లేదు, అందుకే ఒక్కసారే రాయగలం. దాన్ని ఓటీపీ అంటారు. ఈ రోజు ఓటీపీ అంటే అందరికీ ఫోన్‌కొచ్చే అంకెలు గుర్తొస్తాయి గానీ, మా పనిలో ఆ మాటకు అర్థం వన్ టైమ్ ప్రోగ్రామబుల్. కిటికీ చిప్‌లో ఖరీదంతా ఆ సిరామిక్ ఒంటిది, అద్దానిది. ప్లాస్టిక్‌లోకి రాగానే ధర బాగా దిగుతుంది.

చెరిపి మళ్లీ రాయగలిగే ఫ్లాష్ మెమరీ అప్పటికే ఉంది. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లోనే దాన్ని లోకానికి చూపించాడు. కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్టుకెళ్లినా ఫ్లాష్ ఉన్న 89సి51 దొరికేది, వెయ్యిసార్లు రాసి చెరపొచ్చు. కానీ దాంట్లో ఏడీసీ లేదు, పక్కన ఇంకో చిప్ పెట్టాలి, బోర్డు పెద్దదవుతుంది. ఏడీసీ, ఫ్లాష్ రెండూ ఉన్న పిక్ 16ఎఫ్873 కూడా ఉంది. అయితే ఓటీపీకీ దానికీ మా చేతికొచ్చే ధరలో రెట్టింపుకు మించిన తేడా. మాస్క్ రోమ్ సంగతి అడిగి తెలుసుకున్నాం గానీ, అది ఫ్యాక్టరీలో సిలికాన్ తయారయ్యేటప్పుడే ప్రోగ్రాంను అచ్చు వేసే పద్ధతి. వేలల్లో ఆర్డరివ్వాలి, అచ్చుకు విడిగా ఖర్చు, నెలల తరబడి ఎదురుచూపు. మా స్థాయికి మించిన మాట.

ఆ సాయంత్రం ఇంకా గుర్తుంది. బావ నోటుబుక్కులో రెండు ధరల తేడాను మూడు వేలతో హెచ్చించి, కింద గీత గీసి నా వైపు చూశాడు.

"ప్రోగ్రాం అయిపోయినట్టేనా?"

"అయిపోయింది బావా."

ఆ మాట ఏ ఆధారంతో అన్నాను? టేబుల్ మీద ఒక్క బోర్డు, ఒక్క మోటారు, ఒక వేరియాక్. నెలన్నర పాటు వోల్టేజీ పెంచి తగ్గించి, ఫేజులు పీకి పెట్టి చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పటివరకు ఒక్క పొలంలో కూడా ఒక్క రాత్రి గడపలేదు. అయినా అయిపోయిందన్నాను. బావ నన్ను నమ్మి ఆర్డరు పెట్టాడు.

దానికి తోడు ఇంకో రెండు పనులు చేశాను. మా ప్రోగ్రాంను ఎవరైనా కాపీ కొడతారేమోనని ప్రతి చిప్‌కీ కోడ్ ప్రొటెక్ట్ బిట్ వేశాను. రూపాయలు మిగులుతాయని ఐసీ బేస్ తీసేసి చిప్‌ను నేరుగా బోర్డుకే సోల్డర్ చేయించాను. ఆ లాకు బిట్ గురించి ఒక హెచ్చరిక నాకు ముందే అందింది. కిటికీ చిప్ ఒకదానికి పొరపాటున లాకు వేస్తే గంటసేపు ఎరేజర్లో ఉంచినా అది మళ్లీ ఖాళీ కాలేదు. కిటికీ చిప్‌లకు ఆ బిట్ వేయొద్దని తయారీదారే రాశాడు కూడా. ఒక చిప్ పోయిందనుకుని పక్కన పడేశానే గానీ, ఆ బిట్ ఎంత గట్టి తలుపో ఆలోచించలేదు.

మూడు వేల చిప్‌లూ ఒకే వారంలో ప్రోగ్రాం చేసేశాం. పన్నెండు వందల పైచిలుకు బోర్డులు అమ్ముడుపోయాయి.

ఇప్పుడు ఆ రాత్రి జరిగింది చెబుతాను. ఐదు హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు ఏడు ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా మొదలుపెట్టే క్షణంలో దానికి ఆరు రెట్లు, అంటే నలభై పైన లాగుతుంది. పదకొండు మోటార్లు ఒకేసారి లేస్తే నాలుగు వందల అరవై. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగేది 133. వోల్టేజీ కుప్పకూలుతుంది. వోల్టేజీ తక్కువైతే ఆపెయ్యమని నేనే రాశాను కాబట్టి అన్ని డబ్బాలూ ఆపేస్తాయి. భారం పోగానే వోల్టేజీ బాగవుతుంది. బాగైన ముప్పై సెకన్లకు మళ్లీ వెయ్యమని రాసిందీ నేనే. అందరికీ అదే ముప్పై. లెక్క కచ్చితంగా ఉండాలని చిప్ గడియారానికి ఆర్‌సీ ఆసిలేటర్ కాదని నాలుగు మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ పెట్టాను. ఆర్‌సీ పెట్టి ఉంటే బోర్డుకు బోర్డుకు సెకన్ల తేడా వచ్చి, ఆ తేడాయే వాళ్లను కాపాడేది. పదకొండు బోర్డులూ ఒకే అడుగు వేసేలా చేసింది నేను గొప్పగా చెప్పుకున్న ఆ కచ్చితత్వమే.

మూడుసార్లు విఫలమైతే ఆగిపొమ్మనే షరతు కూడా రాయలేదు. కరెంటున్నంతసేపూ అవి లేస్తూ పడుతూనే ఉన్నాయి. ఆరు రెట్ల కరెంటంటే వైండింగులో ముప్పై ఆరు రెట్ల వేడి. నేను వెళ్లడానికి ముందు వారమే అక్కడ ఒకాయన మోటారు కాలిపోయింది. రివైండింగుకు తీసుకెళ్లి తెచ్చేలోపు నారుమడి ఎండింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ తెప్పించి, మడి చూపించాడు. పసుపు తిరిగిన ఆ నారు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. రివైండింగు ఖర్చు మేమే ఇచ్చాం. ఆ పంటకాలాన్ని ఇవ్వగలిగేవాళ్లం కాదు.

హైదరాబాదు తిరిగి రాగానే, ప్రభుత్వ రంగ సంస్థలో చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయనను మేమంతా గురువుగారు అనేవాళ్లం. అంతా విని రెండే ప్రశ్నలడిగారు.

"ప్రోగ్రాంలో ఖాళీ ఎంత మిగిలింది?"

"మూడొందల వర్డ్‌ల పైనే ఉందండి."

"లాకు వేశావా?"

"వేశానండి."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "వెయ్యకుండా ఉంటే బతికేవాడివి నాయనా."

అప్పుడు చెప్పారు. ఒక్కసారే రాసే చిప్ అంటే తాటాకు మీద గంటం గీత లాంటిది. గీసినదాన్ని పూడ్చలేం, గీయని చోట ఇంకా గీయగలం. ఖాళీ చిప్‌లో అన్నీ ఒకట్లే ఉంటాయి. రాయడమంటే కొన్ని ఒకట్లను సున్నాలు చేయడం. సున్నాను తిరిగి ఒకటి చేయలేం గానీ, మిగిలిన ఒకట్లను ఎప్పుడైనా సున్నా చేయొచ్చు. ఈ పిక్ చిప్‌లలో అన్నీ సున్నాలైతే ఆ ఆదేశానికి అర్థం 'ఏమీ చేయకు' అని. అంటే తప్పు ఆదేశాన్ని పూర్తిగా సున్నాలతో కొట్టేసి, పక్కన ముందే వదిలిపెట్టిన ఖాళీలో కొత్త దారికి మళ్లించే ఆదేశం రాయొచ్చు. చిప్‌ను బోర్డు మీంచి తీయకుండానే రెండు తీగలతో, పదమూడు వోల్టుల ప్రోగ్రామింగ్ వోల్టేజీతో ఆ పని అవుతుంది. ఆయన తరం వాళ్లు ముఖ్యమైన ప్రతి చోటా ఇలా రెండు మూడు ఖాళీ వర్డ్‌లు వదిలేవారట. లాకు వేశాక మాత్రం రాసే దారి కూడా మూసుకుపోతుంది.

ఎవరూ దొంగిలించాలని రాని ఇంటికి తాళం వేసి, తాళంచెవి నూతిలో పారేశాను. ఓటీపీని ఎంచుకోవడం ఒక తప్పే అనుకుంటూ వెళ్లినవాణ్ణి, బయటికొచ్చేసరికి మూడు తప్పులు లెక్కపెట్టుకున్నాను.

పన్నెండు వందల బోర్డులు మార్చిచ్చే డబ్బు మాకు లేదు. ప్రోగ్రాం మారదు, చిప్ మారదు. బస్సులో ఇంటికెళ్తూ ఇంకేం మార్చగలనని ఆలోచిస్తుంటే క్రిస్టల్ తట్టింది. ప్రోగ్రాం గడియారాన్ని బట్టి లెక్కపెడుతుంది, గడియారం నెమ్మదిస్తే ముప్పై కూడా సాగుతుంది. మర్నాడు గుజరాతీ గల్లీలో దొరికిన రకాలన్నీ కొన్నాను. ఫోన్ బోర్డుల్లో వాడే 3.58 మెగాహెర్ట్‌జ్ పెడితే ముప్పై మూడున్నర సెకన్లు. 3.2768 పెడితే ముప్పై ఆరున్నర. మూడు పెడితే నలభై. 2.4576 పెడితే నలభై తొమ్మిది. రెండు పెడితే అరవై. పాత నాలుగుతో కలిపి ఆరు రకాలు. పదకొండు మోటార్లను ఆరు జట్లు చేస్తే ఒకేసారి లేచేవి రెండుకు మించవు.

రెండు మెగాహెర్ట్‌జ్ కిందికి దిగలేదు. గడియారంతో పాటు రక్షణ కూడా నెమ్మదిస్తుంది. ఒక ఫేజు పోతే రెండు సెకన్లలో ఆగాల్సిన మోటారు నాలుగు సెకన్లకు ఆగుతుంది. అంతకు మించి ఆలస్యం చేసే ధైర్యం నాకు లేదు. పైగా వాచ్‌డాగ్ టైమర్‌కు వేరే గడియారం ఉంటుంది. ప్రోగ్రాం మరీ నెమ్మదిస్తే అది చిప్‌ను రీసెట్ చేసేస్తుంది.

రెండు నెలలు తిరిగాను. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మా డబ్బాలు మూడుకు మించి ఉన్న ఊళ్ల జాబితా డీలర్ల దగ్గర రాయించుకుని, సంచీలో సోల్డరింగ్ ఐరన్, క్రిస్టళ్ల పొట్లాలు, మార్కర్ పెన్ను వేసుకుని. బోర్డు విప్పి ఎవరింటి అరుగు మీదో కూర్చుని పాత క్రిస్టల్ తీసి కొత్తది వేసి, దాని పక్కన అంకె రాసేవాణ్ణి. ఏ ఊళ్లో ఎన్ని బోర్లున్నాయో, ఏ రాత్రి ఏ వంతో, లైన్‌మన్ ఫీజు వేసేటప్పుడు ఏం చూస్తాడో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ చివరి మోటారుకు వోల్టేజీ ఎప్పుడూ ఎందుకు తక్కువో ఆ రెండు నెలల్లోనే నేర్చుకున్నాను. ఆ తిరుగుడు మూడు వేల చిప్‌ల ఆర్డరుకు ముందు జరిగి ఉండాల్సింది. మిగిలిన చిప్‌లు ట్యూబుల్లో అలాగే ఉండిపోయాయి. ఫ్లాష్ కొనకుండా మిగిల్చామనుకున్న సొమ్ములో పెద్ద వాటా వాటికే పోయింది.

తర్వాతి బోర్డు ఏటీమెగా8తో చేశాం. ఎనిమిది కిలోబైట్ల ఫ్లాష్, పదివేలసార్లు రాయొచ్చు. ప్రోగ్రాం ఎక్కించే ఆరు పిన్నుల కనెక్టర్ బోర్డు మీదే ఉంది. ప్రతి చిప్‌కూ ఎక్కించేటప్పుడే ఒక వేరు నంబరు ఇచ్చాం. ఆ నంబరును బట్టి ఆలస్యం పదిహేను సెకన్ల నుంచి నాలుగు నిమిషాల దాకా మారుతుంది. మే నెల ఎండలో ఇనప డబ్బాలో ఫ్లాష్ నిలుస్తుందా అని కొందరు భయపెట్టారు. 85 డిగ్రీల వేడిలో ఇరవై ఏళ్లు రాత నిలుస్తుందని డేటాషీట్ హామీ. ఆ భయం అక్కర్లేనిది.

అక్కర ఉన్న భయం వేరే చోట ఉంది. మోటారు ఎన్ని గంటలు నడిచిందో తెలియాలని నిమిషానికోసారి లెక్కను ఈఈప్రామ్‌లో ఒకే స్థానంలో రాయించాను. అక్కడ హామీ లక్ష రాతలకే. రోజుకు ఏడు గంటలు నడిస్తే 420 రాతలు, 238 రోజులకే లక్ష. రెండో పంటకాలం తర్వాత గంటల లెక్కలు పిచ్చిగా రావడం మొదలైంది. ఈసారి మాత్రం ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, అరవై నాలుగు స్థానాల్లో వంతులవారీగా రాసే కొత్త ప్రోగ్రాం ఎక్కించి వచ్చాను. బోర్డుకు ఐదు నిమిషాలు పట్టింది. ఎవరి మడీ ఎండలేదు.

ఓటీపీ మీద నాకు కోపం లేదు. ఇప్పుడు కొద్ది అమెరికన్ సెంట్ల ధరకే పడాక్ అనే కంపెనీ ఓటీపీ చిప్‌లు వస్తున్నాయి. పండగ లైట్ల దండకో, బొమ్మకో, టార్చికో అంతకన్నా సరైనది లేదు. దాంట్లో తప్పుంటే ఒక దీపం వంకరగా మెరుస్తుంది, అంతే. నిత్యం రాస్తూ ఉండాల్సిన లెక్కలకు ఎఫ్‌రామ్ ఉన్న చిప్‌లున్నాయి, వాటి ఓర్పు లక్షల్లో కాదు, కోట్ల కోట్లలో. వైఫై చిప్‌లు చాలావాటికి ప్రోగ్రాం బయటి ఫ్లాష్‌లో ఉంటుంది, రహస్యమేదైనా ఉంటే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలు ఏ చిప్ వాడదాం సార్ అని అడిగితే నేను ధరల పట్టిక తెరవను. ఇది వెళ్లే చోటుకు మీరు వెళ్లారా అని అడుగుతాను. దీని పక్కన ఇలాంటివే ఇంకెన్ని ఉంటాయి, ఇది తప్పు చేస్తే ఎవరి సొమ్ము పోతుంది, మళ్లీ అక్కడికి వెళ్లేది ఎవరు అని అడుగుతాను. ఇద్దరు ముగ్గురు దీన్ని చాదస్తం అనుకున్నారని తెలుసు. అయినా అడుగుతాను. మెమరీ ఏ రకమన్నది ఆ జవాబుల్లోంచి వస్తుందని గట్టిగా నమ్ముతాను.

నిరుడు జనగామ వైపు పెళ్లికెళ్లి, ఆ ఊరు కూడా చూసొచ్చాను. దుప్పటి పెద్దాయన ఇప్పుడు లేడు. కొడుకు ఫోన్‌తోనే మోటారు వేస్తున్నాడు. పాత సామాను ఉన్న కొట్టంలో, గోడకు మేకు మీద మా డబ్బా వేలాడుతోంది. మూత తీస్తే ధూళి, ఒక మూల సాలెగూడు, క్రిస్టల్ పక్కన నా చేతిరాతతో 2.4576. ఇంటికి పట్టుకొచ్చి అతని మీటరు దగ్గర త్రీఫేజ్ కలిపి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాం. అతనికి ఎందుకో తెలియదు, అయినా నాతోపాటు లెక్కపెట్టాడు. నలభై తొమ్మిదో సెకనుకు రిలే టక్కుమంది.